రిలీవర్ వచ్చాడా?

విశాఖపట్నంలో మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక, కూర్మన్నపాలెం వైపు కాపురాలు చేసినవాళ్ళ ఇళ్ళల్లో కాలం షిఫ్టుల లెక్కన నడిచేది. పొద్దుటి 'ఏ' షిఫ్టు వారం అంటే నాలుగున్నరకే పొయ్యి వెలగాలి. బీ షిఫ్టు అంటే పదకొండున్నరకల్లా అన్నం వండి క్యారేజీ కట్టాలి. సీ షిఫ్టు అంటే పగలంతా కిటికీకి పాత దుప్పటి కట్టి, పిల్లల్ని వీధిలోకి పంపి, "నాన్న పడుకున్నారు, అరవకండర్రా" అని అమ్మలు గొంతు తగ్గించి చెప్పడం. పొద్దున్న ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. పెళ్ళిచూపులకి రోజు అనుకునేటప్పుడు కూడా ముందు షిఫ్టు చార్టు చూసి, తర్వాత పంచాంగం తీసేవారు.

ఆ రోజుల మాట వచ్చినప్పుడు ఫలానా ఏడాది బోనసు ఎంతిచ్చారో ఎవరికీ గుర్తుండదు. ఫోర్‌మన్, అంటే దగ్గరుండి పని చేయించిన సూపర్‌వైజర్, ఎవరో మాత్రం గుర్తుంటుంది. "మా ఫోర్‌మన్ గారు", "మా చార్జ్‌మన్", "మా షిఫ్టు ఇన్‌చార్జ్" అంటారు. ఆయన రిటైరై ఇరవై ఏళ్ళయినా, ఆయన పోయాక కూడా, ముందు ఆ "మా" ఉండాల్సిందే. అది ఎలా వచ్చిందన్నది రాసిపెట్టుకోవాలి. ఎందుకంటే ఇప్పటివాళ్ళు "ఆ కాలం మనుషులు మంచివాళ్ళు, అంతే" అని తేల్చేస్తున్నారు. మంచివాళ్ళే, కాదనలేం. అయితే ఆ మంచితనం రోజూ నడవడానికి కొన్ని పద్ధతులుండేవి. ఇవి చేతికి అందే పద్ధతులు, నేర్చుకుంటే ఎవరికైనా వచ్చేవే.

ఈ ఊళ్ళో పనికీ మనిషికీ ముడి పాతది. సింధియా కంపెనీ తరఫున వాల్‌చంద్ హీరాచంద్ 1941లో ఇక్కడ నౌకల కార్ఖానా మొదలుపెట్టారు. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' ఓడ నీళ్ళలోకి దిగింది. 1952లో అది హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయినా, జంక్షన్‌ని మాత్రం జనం ఈ రోజుకీ సింధియా అనే అంటున్నారు. ఉక్కు ఫ్యాక్టరీ అయితే జనం అడిగి, ప్రాణాలొడ్డి తెచ్చుకున్నది. 1966లో ఉద్యమం, 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో ఇందిరాగాంధీ ప్రకటన, 1971 జనవరి 20న శంకుస్థాపన. ఇరవై ఏళ్ళ ఎదురుచూపు తర్వాత 1990లో గోదావరి, 1992లో కృష్ణ బ్లాస్ట్ ఫర్నేసులు వెలిగాయి. కొలిమికి నది పేరు పెట్టుకున్నవాళ్ళం మనం. భూములిచ్చిన ఊళ్ళ పిల్లలు ఆర్-కార్డు (భూమి పోయినవాళ్ళకిచ్చిన పునరావాస కార్డు) చేతబట్టుకుని అదే గేటు ముందు ఉద్యోగం కోసం నిలబడ్డారు. ఇంత చరిత్ర ఉన్న గేటు దాటి లోపలికి వెళ్ళాక, ఒక మామూలు ఫిట్టరుకి గానీ ఖలాసీకి గానీ ఇది నా చోటు అనిపించిందా లేదా అన్నది మాత్రం పక్కన నిలబడే నలుగురైదుగురి మీదా, పైన ఉన్న ఆ ఒక్కడి మీదా ఆధారపడేది.

అన్నిటికన్నా ముందు చెప్పుకోవాల్సింది షిఫ్టు మారేటప్పుడు జరిగే అప్పగింత గురించి.

ఆరు గంటల డ్యూటీకి ఐదూ ముప్పావుకే సీటు దగ్గర ఉండేవాడు మంచి రిలీవర్, అంటే దిగేవాడి చోట ఎక్కేవాడు. రాత్రంతా మెలకువగా ఉన్నవాడు ఐదున్నర నుంచీ గేటు వైపే చూస్తుంటాడు. ఆ మనిషి ముందు మనం పది నిమిషాలు తొందరగా కనపడితే అదే వాడికి పెద్ద మర్యాద. రిలీవర్ రాకపోతే సీటు వదిలి వెళ్ళకూడదు, నడుస్తున్న కొలిమిని, తిరుగుతున్న పంపుని గాలికి వదిలెయ్యలేం కదా. అందుకే అరగంట ఆలస్యం అయినా మరో మనిషికి నిద్ర కరవవుతుంది. ఈ సంగతి నోటితో చెప్పనక్కర్లేకుండా అందరికీ తెలిసుండడమే ఒక షిఫ్టులో మనుషుల్ని కలిపి ఉంచేది.

అప్పగింత కుర్చీలో కూర్చుని చేసేది కాదు. దిగేవాడూ ఎక్కేవాడూ కలిసి లైను పొడవునా నడవాలి. ఏది నడుస్తోంది, ఏది ఆగింది, ఎందుకు ఆగింది అని మూడు సంగతులు చేతులు మారాలి. మొదటి రెండూ కళ్ళకి కనపడతాయి. మూడోదే జారిపోతుంది. రాత్రి రెండింటికి ఒక పంపు గ్లాండ్ (షాఫ్టు చుట్టూ నీళ్ళు కారకుండా కట్టే చోటు) దగ్గర కారుతోందని ఆపారనుకోండి. ఆపినట్టు చెప్పి కారణం చెప్పకపోతే, పొద్దున్న వచ్చినవాడు నీళ్ళు చాలడం లేదని అదే పంపు స్టార్ట్ చేస్తాడు. అప్పటికి ఫిట్టరు చెయ్యి దాని మీద ఉండొచ్చు. అందుకే స్విచ్ దగ్గర ట్యాగ్ కట్టి, తాళం వేసి, తాళంచెవి పని చేసేవాడి జేబులోనే ఉంచమనేవారు.

బ్లాస్ట్ ఫర్నేస్ క్యాస్ట్ హౌస్‌లో ఈ అప్పగింతకి ఇంకా బరువు ఎక్కువ. గోదావరి, కృష్ణ అప్పట్లో ఒక్కొక్కటీ 3200 ఘనమీటర్ల కొలిమి, చుట్టూ నాలుగు ట్యాప్‌హోళ్ళు, అంటే కరిగిన ఇనుముని బయటికి తీసే కన్నాలు. పద్నాలుగు, పదిహేను వందల డిగ్రీల ఇనుము బయటికి వచ్చే చోట దిగేవాడు ఏం చెప్పాలంటే: ఆఖరి ట్యాపింగ్ ఎప్పుడు మూశారు, డ్రిల్ ఎంత లోతు వెళ్ళింది, కన్నం మూసే మడ్‌గన్‌తో మట్టి ఎంత ఎక్కింది, ఎక్కేటప్పుడు వెనక్కి కారిందా, టయ్యర్లలో (కొలిమిలోకి వేడిగాలి ఊదే గొట్టాల్లో) ఏదైనా నీళ్ళు కారుతోందా, రన్నరుకి (ఇనుము పారే కాలువకి) ఎక్కడ అతుకు వేశారు. మట్టి తక్కువ ఎక్కితే ట్యాప్‌హోల్ పొట్టిదవుతుంది. పొట్టి హోల్ మళ్ళీ తెరిచినప్పుడు ఇనుము చిమ్ముకుంటూ వస్తుంది, మూయబోతే మడ్‌గన్ నిలవదు. ఈ సంగతి తెలిసిన షిఫ్టు ముందే మనుషుల్ని వెనక్కి జరుపుతుంది. తెలియని షిఫ్టు దాని ముందే నిలబడుతుంది.

రన్నరు సంగతి అంతకన్నా చిన్నదిగా కనపడుతుంది, అంతకన్నా ప్రమాదం. తెల్లవారుజామున అతుకు వేసి, బర్నర్ పెట్టి సరిగ్గా ఆరబెట్టకుండా వదిలేస్తే లోపల తడి ఉండిపోతుంది. దాని మీదకి ఇనుము పారిందంటే ఆ తడి ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది. "ఏటి గురూ, రన్నరు ఆరిందా?" అని ఒకడు అడగడం, "పైన ఆరింది గానీ లోపల నమ్మకం లేదు, ఇంకో గంట బర్నర్ ఉంచు" అని రెండోవాడు ఉన్నదున్నట్టు చెప్పడం, ఈ రెండు మాటల మీద పదిమంది ఇళ్ళకి వెళ్ళేవారు. తన పని సగంలో ఉందని రెండోవాడు ఒప్పుకోగలిగాడంటే, ఒప్పుకున్నందుకు ఫోర్‌మన్ తిట్టడని నమ్మకం ఉండబట్టే. అప్పగింతలో నిజం రావాలంటే ఆ నమ్మకం ముందు పుట్టాలి. "ఎందుకు కాలేదు?" అని అందరి ముందూ నిలదీసే ఇన్‌చార్జ్ ఉన్న షిఫ్టులో రన్నర్లన్నీ ఎప్పుడూ ఆరిపోయే ఉంటాయి, కాగితం మీద.

కాగితం అంటే లాగ్ బుక్. దాని మర్యాదలు దానికుండేవి. పెన్నుతోనే రాయాలి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన పొట్టి సంతకం పెట్టాలి, రుద్దకూడదు. టైము ఇరవై నాలుగు గంటల లెక్కలో వేయాలి. "వేడిగా ఉంది" అని రాస్తే చాలదు, బేరింగ్ ఎన్ని డిగ్రీలుందో రాయాలి. ఇదంతా వర్కర్ల బాధ్యత. ఫోర్‌మన్ బాధ్యత ఇంకొకటి: రాసినదానికి జవాబు రాయడం. పాత ఫోర్‌మన్‌లు రాగానే టీ కూడా ముట్టకుండా ముందు లాగ్ బుక్ తెరిచేవారు. ఎర్ర ఇంకుతో అంచున "చూశాను, సీల్ స్టోర్స్‌లో లేదు, ఇండెంట్ పెట్టాను" అని ఒక ముక్క రాసి తేదీ వేసేవారు. పని కాలేదు, సీలూ రాలేదు. అయినా రాసినవాడి మాట ఒకరి చెవిన పడిందని తెలిసింది. అదే ఫిర్యాదు మూడు షిఫ్టులు వరసగా రాసినా జవాబు రాకపోతే నాలుగో షిఫ్టువాడు రాయడం మానేస్తాడు. వారం తిరిగేసరికి పుస్తకం నిండా "ఆల్ ఓకే" ఉంటుంది. ఒక షాపులో (ఫ్యాక్టరీలోని ఒక విభాగంలో) పైవాళ్ళకీ కిందివాళ్ళకీ మధ్య మాట చచ్చిపోయిందో బతికుందో తెలుసుకోవాలంటే ఆ నెల లాగ్ బుక్ చూస్తే చాలు. "ఆల్ ఓకే"లు ఎక్కువైతే అక్కడ ఏదో కుళ్ళుతున్నట్టే.

తప్పు ఎవరిదని తేల్చే దగ్గర సూపర్‌వైజర్ అసలు రూపం బయటపడేది. దీనికి వెల్డింగ్ షాపుని మించిన చోటు లేదు. షిప్‌యార్డ్‌లోనూ, 1966లో వచ్చిన భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసల్స్ (బీహెచ్‌పీవీ)లోనూ వెల్డర్లంటే పేరున్న మనుషులు. అతుకుకి ఎక్స్‌రే తీశాక ఫిల్ములో చుక్కలు చుక్కలుగా పోరాసిటీ (అతుకు లోపలి బుడగలు) కనపడితే ఆ ముక్క గ్రైండింగ్ చేసి మళ్ళీ వెల్డ్ చేయాలి. రిపేరు లెక్క వెల్డరు పేరు మీదకే వెళ్తుంది. చెడ్డ సూపర్‌వైజర్ ఫిల్ము తెచ్చి "నీ చెయ్యి పోయిందయ్యా" అనేస్తాడు. పని తెలిసినవాడు ముందు ఎలక్ట్రోడ్ల (వెల్డింగ్ కడ్డీల) ఓవెన్ దగ్గరకి నడుస్తాడు.

ఎందుకంటే ఇది సముద్రపు గాలి తగిలే ఊరు. 7018 రకం లో-హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ల పూతకి గాలిలో తడి పీల్చుకునే గుణం ఉంది. వాటిని మూడు వందల డిగ్రీల పైన గంట, రెండు గంటలు కాల్చి, తర్వాత వంద పైన వేడి ఉండే ఓవెన్‌లో నిలవ ఉంచి, వెల్డరుకి కొద్దికొద్దిగా ఇవ్వాలి. వెల్డరు దగ్గర చిన్న పోర్టబుల్ ఓవెన్ ఉంటుంది, దాని ప్లగ్గు పెట్టి ఉండాలి. ఎవడో గ్రైండర్ కోసం ఆ ప్లగ్గు పీకేసి తన వైరు పెట్టుకుంటే, మధ్యాహ్నానికి ఎలక్ట్రోడ్లన్నీ తడి పట్టేస్తాయి. ఆ తడే అతుకులో బుడగలవుతుంది, మందపు ప్లేటులో అయితే హైడ్రోజన్ చేరి మర్నాటికి పగులు కూడా రావచ్చు. ఇందులో వెల్డరు చేతి తప్పు ఏముంది? అందుకని తెలిసినవాళ్ళు వరస పెట్టి చూసేవారు: స్టోర్స్‌లో బేకింగ్ చార్టు ఉందా, పోర్టబుల్ ఓవెన్ వేడిగా ఉందా, జాయింటు మీద నూనె, తుప్పు, మంచు తడి ఉన్నాయా, గాలికి అడ్డు కట్టారా, చివరికి వెల్డరు ఆర్క్ (కడ్డీకీ ప్లేటుకీ మధ్య లేచే మెరుపు) పొడవుగా పట్టాడా. వెల్డరు వంతు అన్నిటికన్నా ఆఖర్న. ఈ వరస పాటించిన సూపర్‌వైజర్ ఆఖర్న "ఆర్క్ కొంచెం దగ్గరగా పట్టు తమ్ముడూ" అంటే ఆ వెల్డరు తలొంచి వినేవాడు. ముందే నింద వేసినవాడి దగ్గర ఆ మాటకే గొడవయ్యేది.

ఓడ అడుగున రెండు పొరల మధ్య ఉండే డబుల్ బాటమ్ ట్యాంకుల్లో పని ఇంకో రకం పరీక్ష. మనిషి దూరే కన్నం, లోపల చీకటి, మే నెలలో ప్లేటు చెయ్యి పెట్టనివ్వదు. గాలిలో మామూలుగా 21 శాతం ఉండే ఆక్సిజన్ 19.5 కన్నా తగ్గితే లోపలికి వెళ్ళకూడదు, 23.5 దాటితే నిప్పురవ్వకి బట్టలు భగ్గుమంటాయి. బ్లోయర్ నడవాలి, కన్నం దగ్గర బయట ఒక మనిషి కదలకుండా ఉండాలి, లోపలికి వెళ్ళినవాళ్ళ పేర్లు బయట పలక మీద రాసుండాలి. భోజనానికి పైకి వచ్చేటప్పుడు గ్యాస్ కటింగ్ హోస్‌లు తప్పకుండా బయటికి లాగెయ్యాలి. వాల్వు కట్టేశాంలే అని లోపలే వదిలితే, ఎక్కడో సన్నగా కారిన ఆక్సిజన్ గానీ ఎసిటిలీన్ గానీ ఆ అరగంటలో ట్యాంకు నింపేస్తుంది. తిన్నాక దిగినవాడు కటింగ్ టార్చి వెలిగిస్తే అంతే. పర్మిట్ కాగితం మీద ఇవన్నీ అచ్చై ఉంటాయి. సంతకం టేబుల్ దగ్గరే కూర్చుని పెట్టవచ్చు, కన్నంలోకి తల దూర్చి చూసి కూడా పెట్టవచ్చు. లోపల పడుకుని పైకి చూసే వెల్డరుకి ఆ కన్నంలో ఫోర్‌మన్ మొహం కనపడిందా లేదా అన్నది ఎప్పటికీ గుర్తుంటుంది.

కొత్తగా వచ్చే అప్రెంటిస్‌లని ఎవరికి జత చేయాలన్నది కూడా ఫోర్‌మన్ తెలివి. కంచరపాలెం ఐటీఐ నుంచి వచ్చే కుర్రాళ్ళని షాపులో అందరికన్నా పనిమంతుడికి అప్పగిస్తే సరిపోతుందనుకుంటారు. పనిమంతుల్లో చాలామంది చెయ్యి చేసినంత వేగంగా నోటితో చెప్పలేరు. నోరున్న మనిషి దగ్గర ముందు పెట్టి, తర్వాత పనిమంతుడి దగ్గరకి మార్చేవారు. రెండు షాఫ్టుల్ని ఒకే వరసలోకి తెచ్చే కప్లింగ్ అలైన్‌మెంట్ చేసేటప్పుడు షాఫ్టు సీనియర్ తిప్పి, డయల్ గేజ్ కుర్రాడి చేత చదివించేవారు. మిల్లీమీటరులో వందో వంతు ముల్లు కదిలితే అది మోటారు ఏ కాలి కింద ఎంత షిమ్ (పలచని రేకు) అవుతుందో వాడే లెక్క కట్టాలి. తన లెక్క మీద నిలబడిన మోటారు వణక్కుండా తిరిగిన రోజున వాడు ఆ షాపు మనిషి అయిపోతాడు. ఐడీ కార్డు ఎప్పుడో వచ్చే ఉంటుంది.

షిఫ్టు చార్టు దగ్గరకొద్దాం. సూపర్‌వైజర్ మీద ప్రేమ పుట్టినా పగ పుట్టినా ఎక్కువగా ఇక్కడే.

లెక్క చూడండి. ఆగకుండా నడవాల్సిన ఒక సీటుకి వారానికి 21 షిఫ్టులు. మనిషి ఆరు చేస్తాడు. అంటే మూడున్నర మంది. సెలవులు, జ్వరాలు, పిల్లల అడ్మిషన్లు, ఊళ్ళో పొలం తగాదాలు కలిపితే నలుగురున్నా బొటాబొటి. ఇందులో ఎవరికి ఏ ఆదివారం వస్తుందో తేల్చేది ఫోర్‌మన్ పెన్ను. సీ షిఫ్టు చేసి పొద్దున్న ఆరుకి దిగినవాడిని అదే మధ్యాహ్నం రెండింటికి బీ షిఫ్టుకి వేస్తే మధ్యలో ఎనిమిది గంటలే. అందులో ప్రయాణం, స్నానం, తిండి పోగా నిద్ర నాలుగు గంటలు కూడా ఉండదు. చార్టు మీద అది తప్పుగా కనపడదు. మనిషి మీద కనపడుతుంది, రెండో రోజు స్పానర్ జారినప్పుడు. మంచి చార్టు ఏ నుంచి బీకి, బీ నుంచి సీకి ముందుకి తిరగాలి, సీ తర్వాత వీక్లీ ఆఫ్ పడాలి. చార్టు కనీసం వారం ముందు బోర్డు మీద ఉండాలి. ఆఖరి నిమిషంలో మార్చాల్సి వస్తే ఆ మనిషి సీటు దగ్గరకి వెళ్ళి స్వయంగా అడగాలి, అడిగినందుకు తర్వాత ఏ రోజు సర్దుతాడో అక్కడే చెప్పాలి.

ఇక పండగలు. సంక్రాంతికి శ్రీకాకుళం, విజయనగరం, చోడవరం వైపు వాళ్ళందరికీ ఊరు వెళ్ళాలని ఉంటుంది, కొలిమికి పండగ లేదు. పాత ఫోర్‌మన్‌లు డిసెంబరు మొదటి వారంలోనే అందర్నీ కూర్చోబెట్టి రెండు జట్లు చేసేవారు. ఒక జట్టుకి భోగి, పెద్దపండగ. రెండో జట్టుకి కనుమ, ముక్కనుమ. ఈ ఏడాది భోగి దొరికినవాడికి వచ్చే ఏడాది కనుమ. ఆ లెక్క చిన్న నోటు బుక్కులో ఏళ్ళ తరబడి రాసిపెట్టేవారు, ఎవరడిగినా చూపించేవారు. విజయనగరం వాళ్ళకి దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి సిరిమాను, అనకాపల్లి వాళ్ళకి కొత్తమావాస్యకి నూకాలమ్మ పండగ, ఊళ్ళోవాళ్ళకి అక్షయ తృతీయ నాడు సింహాచలం చందనోత్సవం, ఆషాఢ పున్నమికి గిరి ప్రదక్షిణ. ఆ ముప్పై రెండు కిలోమీటర్లు నడిచొచ్చినవాడిని మర్నాడు పొద్దుటి 'ఏ' షిఫ్టుకి వేయకూడదన్న ఇంగితం కూడా చార్టులో ఉండేది. క్రిస్మస్ నాడు హిందువులు, రంజాన్ నాడు క్రైస్తవులు, ఉగాది నాడు ముస్లింలు ఒకరి సీటులో ఒకరు నిలబడేవారు. ఇది ఎవరూ ఉపన్యాసం చెప్పి చేయించింది కాదు. నోటు బుక్కు సరిగ్గా ఉంది, అంతే.

చట్టం చెప్పే సెలవు వేరు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఏడాదికి 240 రోజులు పని చేసినవాడికి ప్రతి ఇరవై రోజులకి ఒక రోజు జీతంతో సెలవు, ఓటీకి (ఓవర్‌టైమ్‌కి) రెట్టింపు జీతం ఉండేవి. అది హక్కు, ఎవరి దయా కాదు. హక్కుగా ఉన్న సెలవుని తన చేతి సాయంలా ఇచ్చే సూపర్‌వైజర్లు అప్పుడూ ఉండేవారు. అప్లికేషన్ డ్రాయరులో పెట్టి నాలుగు రోజులు తిప్పించుకునేవారు. అలాంటి చోట మనుషులు సెలవు అడగడం మానేసి నేరుగా సిక్ పెట్టేసేవారు. సిక్ లీవులు ఎక్కువున్న షాపుల్లో జబ్బులు ఎక్కువ ఉన్నాయనుకుంటే పొరపాటు.

మెమో విషయంలో కూడా వరసే ముఖ్యం. ఆలస్యంగా వచ్చినవాడిని ముందు పక్కకి పిలిచి, ఒక్కడినే కూర్చోబెట్టి "ఏటయ్యా, ఇంట్లో ఏటైనా ఇబ్బందా?" అని అడగాలి. సగం సార్లు అక్కడే తేలిపోతుంది. భార్య కేజీహెచ్ ఆసుపత్రిలో ఉండొచ్చు, వడ్డీవాడు గేటు దగ్గర కాచుకుని ఉండొచ్చు. రెండోసారికి తేదీతో నోటు బుక్కులో రాసుకుంటానని అతనికే చెప్పి రాసుకోవాలి. మూడోసారికి మెమో. అప్పుడు ఆ కాగితం చూసి మనిషికి కోపం వచ్చినా ఆశ్చర్యం రాదు. చెప్పాపెట్టకుండా ఆఫీసు క్లర్కు చేత మెమో పంపిస్తే ఆ ఒక్కడే కాదు, షిఫ్టంతా దూరమవుతుంది. యూనియన్ లీడర్లతో గొడవలు పెట్టుకోని ఫోర్‌మన్‌లందరూ మెతకవాళ్ళేమీ కాదు. చాలామంది మహా కటువు మనుషులు. కటువుదనం అందరికీ ఒకేలా ఉండేది, తన కులంవాడికీ తన ఊరివాడికీ కూడా. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు.

క్యాంటీన్ గురించి రెండే మాటలు. 250 మంది దాటితే క్యాంటీన్ ఉండాలని అప్పటి చట్టం. ఆ బెంచీ మీద అదే ఉప్మా అదే గ్లాసు టీతో ఫోర్‌మన్ కూర్చున్న షాపుల్లో ఉప్మా బాగుండేది, ఎందుకంటే బాగోకపోతే ఆయన నోటికీ తగిలేది.

ఆసుపత్రికీ ఇంటికీ రావడం అన్నది ఇప్పుడు బాగా తగ్గిపోయిన సంగతి. వర్కరుకి దెబ్బ తగిలినా, ఇంట్లో చావు జరిగినా ఫోర్‌మన్ స్వయంగా వచ్చేవాడు. ఊరికే వచ్చి వెళ్ళేవాడు కాదు. జేబులో ఏ కాగితాలు పెట్టుకురావాలో తెలిసుండేది: యాక్సిడెంట్ రిపోర్టు నకలు, సెలవు ఫారం, అడ్వాన్సు అప్లికేషన్. మంచం పక్కనే సంతకం పెట్టించుకుని, మర్నాడు తనే టైమ్ ఆఫీసులో ఇచ్చేవాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు, ఊరంతా కరెంటు లేక ఫోన్లు పలక్క చెట్లు అడ్డంగా పడున్న ఆ రోజుల్లో, కింద పనిచేసేవాళ్ళ ఇళ్ళు తెలిసిన సూపర్‌వైజర్‌కీ నంబర్లు మాత్రమే తెలిసిన సూపర్‌వైజర్‌కీ తేడా ఎంతో తెలిసొచ్చింది. బొగ్గుని కోక్‌గా మార్చే కోక్ ఓవెన్ లోపలి సిలికా ఇటుక చల్లబడితే పగుళ్ళిస్తుంది, మళ్ళీ అతకదు. అలాంటి చోట మనిషి కావాలంటే మనిషి ఇంటికి వెళ్ళి పిలవాలి. వీధి తెలిసుండాలి.

రిటైర్మెంట్ నాడు దండలు, శాలువా, గేటు దాకా డప్పులు అందరూ చూసినవే. దానికి ఏడాది ముందు మొదలయ్యే పని ఎవరూ చూడరు. ఉత్తరాంధ్రలో అప్పలరాజు, అప్పలనాయుడు, సింహాచలం, పైడిరాజు అన్న పేర్లు ఒక్క షిఫ్టులోనే ముగ్గురేసి ఉంటారు. స్కూలు సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, సర్వీసు బుక్కులో వెనక, పీఎఫ్‌లో పొట్టి అక్షరం, బ్యాంకులో ఇంకో రకం. ఈ నాలుగూ కలవకపోతే డబ్బు ఆగిపోతుంది. నామినీ దగ్గర పెళ్ళికి ముందు రాసిన తల్లి పేరే ఉండిపోతుంది, ఆవిడ పోయి పదేళ్ళవుతుంది. తెలిసిన ఫోర్‌మన్ ఏడాది ముందే ఆ మనిషిని పిలిచి "అన్ని కాగితాలూ ఒకసారి పట్రా" అని, పక్కపక్కన పెట్టి చూసి, తేడాలకి అఫిడవిట్ రాయించేవాడు. గ్రాట్యుటీ లెక్క కూడా తనే కట్టి చూపించేవాడు: ఆఖరి బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్ళతో గుణించాలి. 26,000 జీతం, ముప్పై ఏళ్ళ సర్వీసు అయితే నాలుగున్నర లక్షలు, ముప్పై రోజుల్లో చేతికి రావాలి. ఎంత వస్తుందో ముందే తెలిస్తే ఆడపిల్ల పెళ్ళికి వడ్డీకి తేవాల్సిన పని ఉండదు. ముప్పై ఏళ్ళు కలిసి పనిచేసినవాళ్ళ మధ్య ఇంతకన్నా పనికొచ్చే కానుక లేదు.

ఇప్పుడు హాజరు వేలిముద్రతో పడుతోంది, చార్టు వాట్సాప్‌లో వస్తోంది. అవి చెడ్డవి కావు. ఎర్ర ఇంకు జవాబు ఫోనులోనూ రాయొచ్చు, రాసేవాడుంటే. బాధ పెట్టేది వేరే సంగతి. ఒకే రన్నరు పక్కన, ఒకే ట్యాంకులో ఇవాళ సగం మంది కాంట్రాక్టు మనుషులు. పాస్ రంగు వేరు, జీతం ఇచ్చే చెయ్యి వేరు, ఆరు నెలలకో ఏడాదికో కాంట్రాక్టరు మారితే మనిషి అదే ఉన్నా సర్వీసు మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలు. లాగ్ బుక్‌లో చాలాచోట్ల వాళ్ళ పేర్లుండవు, "కాంట్రాక్టు లేబర్ నలుగురు" అని ఉంటుంది. పాత రోజుల్లో కూడా గేటు పక్కన కూలీలకి ఇదే జరిగేది, ఆ మాట దాచకూడదు. మన జ్ఞాపకాల్లో వాళ్ళు తక్కువ కనపడడానికి కారణం అదే.

జీతం, పర్మనెంటు అన్నవి షిఫ్టు సూపర్‌వైజర్ చేతిలో లేవు. అప్పగింతకి వాళ్ళని కూడా పిలిచి నిలబెట్టడం ఆయన చేతిలో ఉంది. ట్యాంకు బయట పలక మీద అంకె వేయకుండా పేరు రాయించడం, లాగ్ బుక్‌లో "రన్నరు తడి ముందు చూసినవాడు ఫలానా" అని వాడి పూర్తి పేరుతో రాయడం, సంక్రాంతి నోటు బుక్కులో వాళ్ళకీ ఒక గడి గీయడం కూడా ఆయన చేతిలోనివే. వీటికి పై ఆఫీసు అనుమతి అక్కర్లేదు. రేపు పొద్దున్న ఐదూ ముప్పావుకి మొదలుపెట్టొచ్చు.